112వ సంపుటం, 441వ పేజీ

వెల్లర్ కౌంటీలో ముప్పై నాలుగేళ్ళుగా లాయరుగా నెగ్గుకొస్తున్న ఎల్వుడ్ ప్రాథర్, 1984 ఏప్రిల్‌లో ఒక శుక్రవారం ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండున్నరకల్లా వాదన పత్రం టైపు చేయించాలి. పన్నెండులోపు కోర్టు గుమాస్తా కిటికీలో ఇచ్చి ముద్ర వేయించుకోవాలి. పన్నెండుంబావుకి కోర్టు ఎదుటి హోటల్లో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని వేయించిన చేప తినాలి. శుక్రవారం చేప మా ఊళ్ళో ఒంటిగంటకే అయిపోతుంది. ఆ తరవాత వచ్చినవాడికి నిన్నటి మాంసం ముద్దే గతి.

పథకం ఏమీ చెడలేదు. చేప దొరికింది. వచ్చిన చిక్కంతా దానివల్లే.

ఆ వాదన పత్రం ఆర్డిత్ కిమెల్‌ది. ఆర్డిత్ బడి వంటశాలలో వంట చేస్తుంది. చిన్నప్పుడు ఎల్వుడ్ ఆమె వెనక బెంచీలో కూర్చుని చదువుకున్నాడు. ఆమె భర్త వర్జిల్ పోయి అప్పటికి మూడేళ్ళు. కిమెల్ వాళ్ళ సమాధులు పదకొండు రాళ్ళు, వాటి చుట్టూ తుప్పు పట్టిన ఇనుప కంచె. ఒకప్పుడు అవి వాళ్ళ సొంత పొలంలోనే ఉండేవి. పొలం చేతులు మారి మారి చివరికి లీలాండ్ స్ట్రౌడ్ అనే పశువుల రైతుకి దక్కింది. సమాధులు అతని పచ్చిక బీడు నడిమధ్య మిగిలిపోయాయి. ఆర్డిత్ ప్రతి ఆదివారం చర్చి నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళేది. ఫ్లాస్కులోంచి రెండు కప్పుల కాఫీ పోసి, ఒకటి తను తాగి, రెండోది చల్లారేదాకా కూర్చుని వచ్చేది. ఆ ఫిబ్రవరిలో లీలాండ్ బీడు గేటుకి తాళం వేశాడు. ఎందుకు వేశాడో అతను చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

నిజానికి ఆర్డిత్ అడుగుతానంది. లాయరు గదిలో కూర్చుని, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని, మొదటి రోజునే అంది.

"ఆపిల్ కేకు ఒకటి చేసి పట్టుకెళ్ళి అడిగేస్తాను ఎల్వుడ్. మనిషే కదా, కరుస్తాడా?"

"పొరపాటున కూడా వెళ్ళకు. నువ్వన్న ప్రతి మాటా రేపు కోర్టులో నీ మీదికే తిప్పుతాడు. మాట్లాడ్డానికి నేనున్నానుగా."

"మే నెలాఖరుకి మాత్రం నేను లోపలికి వెళ్ళాలి. పూలు పెట్టాలి."

మే నెలాఖరు సోమవారం స్మారక దినం. ఆ రోజు మా కౌంటీలో సమాధి మీద పియొనీ పూలు పెట్టని ఇల్లు ఉండదు. పాత కాఫీ డబ్బాకి వెండి కాగితం చుట్టి, నీళ్ళు పోసి, అందులో పూలు గుచ్చి తీసుకెళతారు. ఎవరి సమాధి దగ్గర డబ్బా లేకపోతే వాళ్ళకి ఎవరూ లేరని లెక్క. ఎల్వుడ్‌కి ఇది చెప్పాల్సిన పని లేదు. మే నెలాఖరుకి నిన్ను లోపల కూర్చోబెడతానని మాటిచ్చాడు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఆ లాయరు అడగనివ్వలేదు.

ఇక వాదన పత్రం సంగతి. మా కోర్టుల్లో లాయరు మాటకి లాయరు మాట చాలదు. ఇదే రాష్ట్రంలో, ఇలాంటి తగాదాలోనే, ఎప్పుడో ఒక పెద్ద కోర్టు కూడా ఇదే మాట అన్నదని చూపించాలి. ఆ తీర్పు పేరు, అది అచ్చయిన సంపుటం, పేజీ, మూడూ వాక్యం చివర అంటించాలి. అంటించగానే ఆ వాక్యానికి ఎక్కడలేని పెద్దరికం వచ్చేస్తుంది. ఎంత పెద్దరికమంటే, దాన్ని తెరిచి చూడాలని ఇంకెవరికీ తోచదు. ఎల్వుడ్ మాత్రం అలాంటివాడు కాదు. కౌంటీకి కొత్తగా వచ్చిన ప్రతి కుర్ర లాయరుకీ అతను చెప్పే మొదటి మాట, చదవని తీర్పు రాయకు అని.

అతనికి కావలసిన తీర్పు బాస్కమ్, టీటర్‌ల మధ్య జరిగినది. న్యాయ కళాశాలలో చదివాడు. భర్త సమాధికి దారి కోసం ఒక విధవరాలు పొరుగువాడి మీద వేసిన దావా అది. ఆమె గెలిచినట్టు అతనికి కళ్ళకి కట్టినట్టు గుర్తు. సంపుటం 112 అనీ గుర్తే. పేజీ దగ్గర మాత్రం ఖాళీ వదిలాడు. సంపుటాలన్నీ కోర్టు మూడో అంతస్తులో, కౌంటీ న్యాయ గ్రంథాలయంలో ఉంటాయి. అక్కడికి ముప్పై ఎనిమిది మెట్లు. ఎల్వుడ్ ఎడమ మోకాలికి ఆ లెక్క బాగా తెలుసు.

పదకొండూ నలభైకి మాక్సిన్ టైపు మిషను ఆపింది. ఇరవై ఏళ్ళుగా అతని దగ్గర పనిచేస్తున్న మనిషి ఆమె.

"పేజీ ఖాళీగా ఉంది. మీరెక్కి చూసొస్తారా, నన్నెక్కమంటారా?"

ఎల్వుడ్ గోడ గడియారం చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. "నాలుగు వందల నలభై ఒకటి. కొట్టెయ్. సోమవారం వెళ్ళి సరిచూసుకుంటాను."

"సోమవారానికి మీ మోకాలికి వయసు తగ్గుతుందా?" అంటూనే మాక్సిన్ కొట్టేసింది.

సోమవారం వచ్చింది, వెళ్ళింది. ఎల్వుడ్ మర్చిపోయాడు.

రెండు వారాలకి లీలాండ్ తరఫు లాయరు డ్వైట్ ఫెనర్ జవాబు వచ్చింది. ఫెనర్ చురుకైనవాడు, మెడకి మంచి మంచి టైలు కడతాడు. అందులో బాస్కమ్, టీటర్‌ల తీర్పు గురించే ఒకటిన్నర పేజీ రాశాడు. ఆ తీర్పు మేము నిశితంగా పరిశీలించాము, అక్కడి పరిస్థితులు వేరు, ఇక్కడి పరిస్థితులు వేరు, కాబట్టి ఇక్కడ చెల్లదు, ఇదీ సారాంశం. పరిస్థితులు ఎలా వేరో మాత్రం ఎక్కడా రాయలేదు. అది చూశాక ఎల్వుడ్‌కి సోమవారం సంగతి గుర్తొచ్చింది. ఇంటి అటకెక్కి కళాశాల నాటి నోట్సు వెతికాడు. అందులో పేజీ 411 అని ఉంది. పప్పులో కాలేశానని అతనికి అప్పుడు తెలిసింది.

అప్పటికైనా ముప్పై ఎనిమిది మెట్లు ఎక్కాడు, పాపం. అరలో 111 ఉంది, దాని పక్కన 113 ఉంది. రెంటి మధ్య ఒక పుస్తకం పట్టేంత చీకటి ఉంది. ఎరువు తీసుకున్నవాళ్ళ చిట్టాలో ఎవరి పేరూ లేదు. తప్పు ఒప్పుకుంటూ కోర్టుకి ఉత్తరం రాద్దామనుకుని, మర్యాద కోసం ముందు ఫెనర్‌కి ఫోన్ చేశాడు. ఆ పేజీ సంఖ్య విషయంలో ఒక చిన్న సందేహం, అని మొదలెట్టాడో లేదో ఫెనర్ అందుకున్నాడు.

"సందేహమేం లేదండీ. నాలుగు వందల నలభై ఒకటి. నా కళ్ళతో రెండుసార్లు చదివాను."

ఎల్వుడ్ ఫోన్ పెట్టేశాడు. ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడని అతనికి తట్టలేదు. తన నోట్సే తప్పేమోనన్నది తట్టింది. ముప్పై నాలుగేళ్ళ నిజాయితీ మనిషిని అలా తయారుచేస్తుంది. ఉత్తరం రాయలేదు.

మే మధ్యలో కేసు విచారణకి వచ్చింది. జడ్జి హోబర్ట్ క్రేన్ మనిషి పొట్టి, మాట పొడుగు. కోర్టు హాల్లో జడ్జి బల్ల పోయిన శతాబ్దంలో ఆరడుగుల జడ్జీల కోసం చేయించినది. క్రేన్‌గారు కుర్చీలో లావుపాటి పుస్తకాలు రెండు వేసుకుని, వాటిమీద ముఖమల్ దిండు వేసుకుని కూర్చుంటారు. ఊరందరికీ తెలిసిన ఈ సంగతి ఊళ్ళో ఎవరూ ఎత్తరు. ఎల్వుడ్ లేచి, తీర్పు గురించి ఒక చిన్న సవరణ ఉందని నోరు తెరిచాడు. జడ్జిగారు చెయ్యెత్తి ఆపారు.

"బాస్కమ్, టీటర్ గురించి నాకు మీరు చెప్పక్కర్లేదు. కుర్ర లాయరుగా ఉన్నప్పుడే కంఠతా పట్టాను. ఈ దావా అంతా ఆ తీర్పు మీదే ఆధారపడి ఉంది. ఇద్దరూ దాని ఒక్కదాని మీదే విడిగా వాదన పత్రాలు వేయండి. అరవై రోజులు."

ఇక ఎవరు సవరిస్తారు? సవరిస్తే ఫెనర్ చదవలేదని తేలుతుంది, జడ్జిగారూ చదవలేదని తేలుతుంది, అన్నిటికంటే ముందు తను చదవలేదని తేలుతుంది. ఎల్వుడ్ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. అతని పక్కన కూర్చున్న ఆర్డిత్ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. అరవై రోజులంటే జూలై.

స్మారక దినం నాడు ఎల్వుడ్ తన తల్లిదండ్రుల సమాధుల దగ్గరికి వెళ్ళి తిరిగొస్తుంటే దారిలో స్ట్రౌడ్ బీడు తగిలింది. గేటు పక్క స్తంభానికి వెండి కాగితం చుట్టిన కాఫీ డబ్బా తాడుతో కట్టి ఉంది. గులాబిరంగు పియొనీలు ఎండకి తలలు వాల్చేశాయి. దూరంగా బీడు మధ్య పదకొండు రాళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. ఎల్వుడ్ కారు ఆపాడు. దిగలేదు. అతనికి సిగ్గేసింది, బాధేసింది. ఆ రెండిటికీ మందు ముప్పై ఎనిమిది మెట్ల మీద ఎప్పుడో ఉండిందని అతనికి తెలుసు.

కొత్త వాదన పత్రాలు పడ్డాయి. చూడని ఊరికి ఇద్దరు మనుషులు దారి చెబితే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి. బాస్కమ్ కేసులో మధ్యన వాగు ఉందని ఫెనర్ రాశాడు. లేదనడానికి ఎల్వుడ్‌కి ధైర్యం చాలక, ఆ వాగు లోతు లేనిదని రాశాడు. సెప్టెంబరులో ఫెనర్ ఆ వాగు మీద వంతెన కట్టాడు. అక్టోబరులో ఎల్వుడ్ ఆ వంతెనని వరదలో కొట్టుకుపోయేలా చేశాడు. వంతెన విషయం తనకి బాగా గుర్తుందని జడ్జిగారు నిండు హాల్లో అన్నారు. అయితే వరద ఏ ఏడాది వచ్చిందో తేలాలని కేసు ఫిబ్రవరికి వాయిదా వేశారు. ఫిబ్రవరిలో ఆయనకి జలుబు చేసింది.

పుస్తకం ఎక్కడుందో చివరికి మాక్సిన్ కనిపెట్టింది. ఒక మధ్యాహ్నం కాగితాలు ఇవ్వడానికి వెళితే హాలు ఖాళీగా ఉంది. జడ్జిగారి దిండు పక్కకి జరిగి ఉంది. దాని కింద అడుగున పాత నిఘంటువు, పైన 112వ సంపుటం.

"ఇప్పుడు ఏం చెయ్యమంటారు? ఆయన్ని కాస్త లేవమని అర్జీ పెట్టనా?" అంది.

ఎల్వుడ్ నవ్వలేదు. రాష్ట్ర రాజధానిలో ఉన్న పెద్ద గ్రంథాలయంలో ఆ సంపుటం ఉంటుంది. తొంభై మైళ్ళ దారి. వచ్చే వారం వెళతానన్నాడు. మంచు పడుతోందన్నాడు, కారు బాగోలేదన్నాడు. అసలు మాట చెప్పాలంటే అతనికి భయం. నాలుగు వందల నలభై ఒకటో పేజీయే కాదు, నాలుగు వందల పదకొండో పేజీ చూడాలన్నా భయమే. ఇన్ని నెలలు రాసిన దానిలో ఏది నిలుస్తుందో, ఏది పోతుందో! తెలియనంతకాలం అతను తప్పు చేసినవాడు కాడు. అలా వసంతం వచ్చింది. రెండో స్మారక దినం కూడా వచ్చి వెళ్ళింది. స్తంభానికి రెండో డబ్బా వేలాడింది.

ఆ వసంతంలోనే లీలాండ్ స్ట్రౌడ్ దూడలు అమ్మడానికి రాజధాని సంతకి వెళ్ళాడు. అతను మాటకారి కాడు. అతని నోట రోజుకి పది మాటలు వస్తే ఇంట్లోవాళ్ళు ఒంట్లో బాగుందా అని అడుగుతారు. పద్నాలుగు నెలలుగా తన పేరు మీద వస్తున్న కాగితాలన్నీ అతను ఒక్కటి విడవకుండా చదివాడు. ప్రతిదానిలో 112, 441 అని ఉంది. ఒకచోట చూడమని ఇన్నిసార్లు రాస్తే అది చూడమనే కదా అర్థం అనుకున్నాడు. సంత అయ్యాక, బూట్లకి పేడ తుడుచుకుని, పెద్ద గ్రంథాలయానికి వెళ్ళి, ఆ పుస్తకం అడిగి, ఆ పేజీ తీసి చదివాడు. ఈ కేసులో మొదటిసారిగా ఒక మనిషి ఆ పని చేశాడు.

జూన్ మొదటి వారంలో జడ్జి క్రేన్ తీర్పు చెప్పడానికి కూర్చున్నారు. కళ్ళజోడు పెట్టుకుని, బాస్కమ్, టీటర్‌ల వంతెన గురించి గొంతు సవరించుకునేసరికి లీలాండ్ లేచి నిలబడ్డాడు. ఫెనర్ అతని కోటు పట్టి లాగాడు. అతను కూర్చోలేదు. చేతిలో నకలు కాగితాలు ఉన్నాయి.

"అయ్యా, నాకు చట్టం తెలియదు. ఆ పేజీ మాత్రం చదివాను. అందులో వంతెన లేదు. వాగు లేదు. సమాధి కూడా లేదు."

"మరి ఏముంది?" అన్నారు జడ్జిగారు.

"పందులున్నాయండీ."

ఫెనర్ తన టైని కొత్తగా చూస్తున్నట్టు చూసుకున్నాడు. జడ్జిగారు 112వ సంపుటం పట్టుకురమ్మని బంట్రోతుకి చెప్పారు. పాతికేళ్ళ నుంచి ఆ దిండు సర్దుతున్న బంట్రోతు పైకప్పు వంక చూశాడు. అప్పుడు వెనక వరసలోంచి మాక్సిన్ నెమ్మదిగా అంది.

"అది మీ దగ్గరే ఉందండీ."

జడ్జిగారు లేచారు. దిండు తీశారు, పుస్తకం లాగారు, మళ్ళీ కూర్చున్నారు. బల్ల వెనక ఆయన కళ్ళజోడు, ఆ పైన నెరిసిన జుట్టు మాత్రం మిగిలాయి. ఆ కళ్ళజోడు చాలాసేపు చదివింది. తరవాత ఆయనే, గొంతులో ముందున్న బిగువు లేకుండా, అందులో ఏముందో చెప్పారు. ఒక రైతు పొలంలోంచి పొరుగువాడు నీళ్ళు తోలుకునేవాడు. ఒకరోజు గేటు తీసి వదిలేశాడు. పందులు బయటపడి ఎవరిదో కూరగాయల తోట తినేశాయి. దారి ఆపక్కర్లేదు, గేటు తీసినవాడు గేటు వేయాలి, అన్నది కోర్టు. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు.

"నేనడిగేదీ అదేనండీ," అన్నాడు లీలాండ్. "పోయినేడు ఫిబ్రవరిలో నా దూడలు ఐదు రోడ్డు మీదికి పోయాయి. ఒకదాన్ని లారీ గుద్దింది. ఆదివారం ఆదివారం గేటు తీసే ఉంటోంది. అందుకే తాళం వేశాను."

ఆర్డిత్ లేచింది. ఎల్వుడ్ ఆమె చెయ్యి పట్టుకోలేదు. ఇక పట్టుకునే ముఖం అతనికి లేదు.

"ఆ గేటు కీలు జారిపోయింది స్ట్రౌడ్‌గారూ. తియ్యగలను కానీ ఎత్తి వెయ్యలేను. వర్జిల్ ఉన్నప్పుడు భుజంతో ఎత్తి వేసేవాడు. వీలైనంత దూరం ఈడ్చి వచ్చేదాన్ని. మీ దూడ చచ్చిపోయిందని నాకు తెలియదు."

లీలాండ్ టోపీ చేతుల్లో తిప్పాడు. "అరగంట పని అమ్మా అది. ఒక్క మాట చెబితే ఆ రోజే కీలు మార్చేవాణ్ణి."

"మీతో మాట్లాడొద్దని మా లాయరు చెప్పాడు."

"మా లాయరూ అదే చెప్పాడు."

గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. ఆ గొడ్డలి పట్టిన చేతులు ఎవరివో ఆ హాల్లో అందరికీ తెలుసు. జడ్జిగారు ఇంకో పని కూడా చేశారు. ఆ పని ఆయన చేయకుండా ఉంటే ఎల్వుడ్‌కి కొంతైనా నిద్ర పట్టేదేమో. ముప్పై పేజీలు వెనక్కి తిప్పి 411 దగ్గర ఆగారు. బాస్కమ్, టీటర్‌ల తీర్పు అక్కడే ఉంది. విధవరాలు ఉంది, సమాధి ఉంది, పొరుగువాడూ ఉన్నాడు. ఆ విధవరాలు ఓడిపోయింది.

ఎల్వుడ్ మెదడు ముప్పై ఎనిమిది మెట్లూ మరోసారి ఎక్కింది. ఆ శుక్రవారం ఎక్కి ఉంటే అరలో ఖాళీ చూసేవాడు, మర్నాడే రాజధానికి వెళ్ళి ఈ పేజీ చదివేవాడు. చట్టం మనకి పనికిరాదు ఆర్డిత్, ఆ ఆపిల్ కేకేదో నువ్వే చేసి పట్టుకెళ్ళు, అనేవాడు. ఆదివారానికి కీలు మారిపోయేది. చేప మాత్రం అయిపోయేది.

కేసు ఇద్దరూ వెనక్కి తీసుకున్నారు. బయట మెట్ల మీద ఎల్వుడ్ ఆర్డిత్‌ని ఆపాడు. టోపీ తీశాడు. చిన్నప్పుడు ఆమె జడకి సిరా పూసి మాస్టారి ముందు నిలబడ్డప్పటిలాగే నిలబడ్డాడు.

"నేను చదవలేదు ఆర్డిత్. మొదటి రోజు చదవలేదు, ఆ తరవాత చదవడానికి భయపడ్డాను. తప్పు నాది. ఒక్క పైసా తీసుకోను."

ఆర్డిత్ చేతిసంచీ కొక్కెం తెరిచింది, మూసింది.

"పైసలదేముంది. రెండు స్మారక దినాలు పోయాయి ఎల్వుడ్. పోయినేడు మా ఆడబిడ్డ టొలీడో నుంచి వచ్చి దూరం నుంచి చూసి, వర్జిల్‌కి పూలు పెట్టలేదేమని అడిగింది. స్తంభానికి కట్టానని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. కింద లీలాండ్ తన ట్రక్కు తలుపు తీసి పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక తొట్టిలో కొత్త కీలు జత ఒకటి, పార ఒకటి కనిపించాయి. కోర్టుకి వచ్చేటప్పుడే కొని పెట్టుకున్నాడన్నమాట. ఇద్దరూ బీడు వైపు వెళ్ళారు. ఎల్వుడ్ ఆ ట్రక్కు మలుపు తిరిగేదాకా చూశాడు. ఆ రోజు శుక్రవారం. అతను హోటలుకి వెళ్ళలేదు.

సంపుటాన్ని అతనే చంకన పెట్టుకుని, ముప్పై ఎనిమిది మెట్లూ ఆగి ఆగి ఎక్కి, 111కీ 113కీ మధ్య పెట్టి వచ్చాడు. అప్పటినుంచి వెల్లర్ కౌంటీలో 112వ సంపుటం ఎవరు అడిగినా దొరుకుతుంది. జడ్జిగారు మాత్రం, కింద ఒక పుస్తకం తగ్గి, కళ్ళజోడు దాకానే కనిపిస్తున్నారు.